పొద్దుట మోగని బెల్లు

మా మేనత్త సైకిలు బెల్లు మధ్యాహ్నం ఖంగుమని మోగేది. తెల్లవారుజామున మాత్రం ఎంత నొక్కినా నోరు విప్పేది కాదు. రాజోలు దగ్గర కాలువ గట్టునున్న ఆ ఊళ్లో ఒక చలికాలమంతా పెద్దమనుషులు దీన్ని గురించే ఆలోచించారు. ఆలోచించి, చచ్చిపోయిన మా మామయ్యకి ఆవిడ ఉద్యోగం ఇష్టం లేదని తేల్చారు. బతికున్నన్నాళ్లూ ఆయన ఇష్టమేమిటో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. పోయాక అందరికీ తెలిసిపోయింది.

ఇది తొంభైల మధ్యలో సంగతి. నేను అమలాపురంలో డిగ్రీ చదువుతున్నాను. శనాదివారాలు వస్తే బస్సెక్కి అత్తయ్య దగ్గరికి పోయేదాన్ని. మామయ్య ఎలిమెంటరీ స్కూలు మాస్టారుగా పనిచేస్తూ చిన్న వయసులోనే పోయారు. పిల్లల్లేరు. ఉన్న కాస్త కొబ్బరితోట మీద వచ్చేది చాలక అత్తయ్య ఊళ్లో పాలకేంద్రంలో పనికి కుదిరింది. ఇంకా మసకగా ఉండగానే కేంద్రం తెరవాలి. ఆడవాళ్లు తెచ్చే పాలు కొలవాలి, నీళ్లు కలిశాయేమోనని లాక్టోమీటరు వేసి చూడాలి, వ్యాను వచ్చేసరికి క్యాన్లు నింపి మూతలు బిగించాలి. ఇల్లు ఊరికి ఈ చివర, కేంద్రం ఆ చివర. అందుకని బదిలీ అయి వెళ్లిపోతున్న ఒక నర్సమ్మ దగ్గర లేడీస్ సైకిలు కొనుక్కుంది. తొక్కడం చిన్నప్పుడే మా నాన్న సైకిలు మీద నేర్చుకుంది కాబట్టి కొత్తగా పడిందీ లేచిందీ లేదు.

ఆ సైకిలుకి మామయ్య పాత సైకిలు బెల్లు పెట్టించింది. ఆ పాత సైకిలు ఆయన తండ్రి కాలం నాటిది, ఓడ మీద వచ్చిందని చెప్పుకునేవారు. చట్రమంతా తుప్పుపట్టి పోయినా బెల్లు మాత్రం చెక్కుచెదరలేదు. అరచేతికి నిండుగా వచ్చే ఇత్తడి గిన్నె, దాని పక్కన బొటనవేలితో నొక్కే మీట. ఒక్కసారి నొక్కితే కాలువ అవతలి గట్టుకి వినిపించేది. ఇప్పటి రేకు బెల్లుల్లా కిచకిచలాడేది కాదు, ఎవరో పెద్దమనిషి గొంతు సవరించుకుని మాట్లాడినట్టుండేది.

ఆ చప్పుడు ఊళ్లోవాళ్లకి ఇంకో రకంగా పనికొచ్చింది. బెల్లు పెట్టించిన కొత్తలోనే ఆ వీధిలో ఉండే కొబ్బరికాయల వ్యాపారి అత్తయ్య ఇంటికి వచ్చారు. ఆయనకి రోజూ తెల్లవారుజామునే అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకి ప్రయాణం. మా ప్రాంతంలో మనిషిని అవమానించడానికి గొంతు పెంచరు. అండీలు, గారులు ఇంకో నాలుగు చేర్చి చాలా మర్యాదగా అవమానిస్తారు.

"చెల్లెమ్మగారూ, మరేం అనుకోకండేం," అన్నారాయన, అరుగు మీద కూచుని కండువాతో మొహం తుడుచుకుంటూ. "మేం పొద్దున్నే బేరానికి బయల్దేరతాం కదండీ. మీరేమో అదే వేళకి ఎదురొస్తారు. మీ తప్పని అనట్లేదండోయ్. దేవుడు అలా రాసేడు. వీధి మలుపు తిరిగేటప్పుడు ఓ మాటు, గుమ్మాల దగ్గర ఓ మాటు బెల్లు కొట్టేరనుకోండి, మేం కాస్త లోపలే ఉంటాం. మీరు దాటేక బయటికొస్తాం. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"అలాగేనండి అన్నయ్యగారూ," అంది అత్తయ్య.

అదీ ఏర్పాటు. బొట్టు లేని మనిషి వస్తోంది, దాక్కోండి అని తన రాకని తనే చాటింపు వేసుకోవాలి! దాన్ని సౌకర్యం అన్నారు వాళ్లు. నేను ఒక శనివారం అత్తయ్య వెనక క్యారేజీ మీద కూచుని కేంద్రానికి వెళ్తున్నప్పుడు కళ్లారా చూశాను. బెల్లు మోగిన ప్రతి గుమ్మం దగ్గరా తలుపు రెక్క మెల్లగా మూసుకునేది. ఎంత మెల్లగా అంటే, గడియ చప్పుడు మాకు వినిపిస్తే బాధపడతామేమో అన్నంత మెల్లగా.

నేను అప్పటికే అమలాపురంలో ఒక మేడమీద గదిలో బుధవారం సాయంత్రాలు జరిగే చర్చలకి అలవాటు పడ్డదాన్ని. హేతువాదులు, సంఘసంస్కరణ అంటే చెవి కోసుకునే రిటైర్డు మాస్టార్లు, నాలాంటి నోరున్న కాలేజీ పిల్లలు అక్కడ చేరేవాళ్లం. శకునాల మీద ఒక సాయంత్రమంతా నేనే మాట్లాడాను కూడా. అయితే మాట్లాడటం వేరు, మూసుకుంటున్న తలుపుల మధ్యనుంచి సైకిలు మీద పోవడం వేరు. ఇంటికి వచ్చాక బెల్లు పీకి కాలువలో పారెయ్యమన్నాను.

"ఎందుకే? బెల్లేం చేసిందీ?" అంది అత్తయ్య. "పాలకేంద్రంలో నాకు కుర్చీ ఉంది, నెల తిరిగితే జీతం ఉంది. ఎవళ్ల కొంపలోనో మూల కూచుని అప్పడాలొత్తక్కర్లేదు. వాళ్ల తలుపులు వాళ్లిష్టం."

నా కోపం మాత్రం తగ్గలేదు.

కార్తీకం వెళ్లి చలి ముదిరేసరికి బెల్లు మొరాయించింది. తెల్లవారుజామున మీట నొక్కితే బురదలో కాలు దిగినట్టు నెమ్మదిగా లోపలికి పోయేది, వెనక్కి రావడానికి బద్ధకించేది. చప్పుడు రాదు. అత్తయ్య రాత్రి పడుకోబోయే ముందు రోజూ దానికి శ్రద్ధగా నూనె వేసేది. అయినా పొద్దుటికి అదే తంతు. పని ముగించుకుని ఎండెక్కాక తిరిగి వచ్చేటప్పుడు మాత్రం అదే బెల్లు ఏమీ ఎరగనట్టు మోగేది.

ఇక చెప్పేదేముంది! బెల్లు మోగకపోవడంతో వ్యాపారిగారు రోజూ అత్తయ్యకి ఎదురుపడుతున్నారు. ఎదురుపడ్డప్పుడల్లా ఇంట్లోకి వెళ్లి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూచుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరుతున్నారు. బండివాడు గొణుగుతున్నాడు. ఆ గొణుగుడు మధ్యలోంచే కథ పుట్టింది. ఆ బెల్లు మాస్టారిది. ఆవిడ గడప దాటి పోతుంటే ఆయన మోగనివ్వట్లేదు. ఇంటికి తిరిగొస్తుంటే సంతోషించి మోగనిస్తున్నారు. ఆవిడ ఇంటిపట్టున ఉండాలని ఆయన కోరిక.

ఒప్పుకోవాలి, మూఢనమ్మకమైనా ఇది మంచి అల్లికే. చూసిన సంగతులన్నిటికీ సరిపోయింది. పొద్దుట వెళ్లేటప్పుడు మోగదు, నిజమే. తిరిగొచ్చేటప్పుడు మోగుతుంది, అదీ నిజమే. తప్పుడు కథలు బతికేది అబద్ధాల మీద కాదు, సగం చూసిన నిజాల మీద.

ఒక శుక్రవారం సాయంత్రం నేను బస్సు దిగి ఇంటికొచ్చేసరికి అరుగు మీద వ్యాపారిగారూ, పాలసంఘం ప్రెసిడెంటుగారూ కూచుని ఉన్నారు. ప్రెసిడెంటు చెడ్డమనిషి కాదు. ఎవరినీ నొప్పించకూడదనే పట్టుదలతో ఎప్పుడూ గట్టిగా మాట్లాడేవాళ్ల పక్షాన తేలే మనిషి.

"అమ్మా, మీ పనికి వంక పెట్టేవాడు లేడండి," అంటున్నారాయన. "కానీ నలుగురూ వచ్చి నాలుగు మాటలంటున్నారు. సంఘం అన్నాక అందర్నీ చూసుకోవాలి కదండీ. మాస్టారి మనసు కష్టపెట్టి మనం మాత్రం బావుకునేదేముంది?"

"ఆయన మీతో చెప్పేరాండీ?" అన్నాను నేను, చేతిలో సంచీ కింద పెట్టకుండానే.

"ఇదిగో, అమలాపురం వచ్చేసింది!" అని నవ్వారు వ్యాపారి. "చెప్పడానికి నోరెక్కడుందమ్మా? బెల్లుతో చెబుతున్నారాయన."

"పొద్దుట ఒక మాటా, మధ్యాహ్నం ఒక మాటా చెబుతున్నారా పెదనాన్నగారూ? బతికున్నప్పుడు మామయ్య అలా మాట మార్చే మనిషి కాదే!"

"వెళ్లేటప్పుడు వద్దంటున్నారు. వచ్చేటప్పుడు రమ్మంటున్నారు. మాట మార్చడం ఎక్కడుందీ?"

ప్రెసిడెంటుగారు మధ్యలో చేతులడ్డం పెట్టారు. "గొడవెందుకండీ? ఆదివారం పొద్దున్న మేం కేంద్రం దగ్గరుంటాం. ఇదే బెల్లు, మాస్టారి బెల్లు, తెల్లారగట్ల మోగిందనుకోండి, ఇంక ఎవరూ నోరెత్తరు, మీరే ఉంటారు. మోగలేదూ, సోమవారం నుంచి ఇంకొకళ్లని చూసుకుంటాం. సరేనా అమ్మా?"

"ఆయ్, సరేనండి," అంది అత్తయ్య.

వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా ఆగి నేను విరుచుకుపడ్డాను. ఉద్యోగం ఉండాలో ఊడాలో సైకిలు బెల్లు నిర్ణయిస్తుందా? వాళ్లు పెట్టిన పరీక్షకి తలవంచితే ఆత్మ ఉందని మనమే ఒప్పుకున్నట్టు కాదా? మోగితే మామయ్య ఒప్పుకున్నారంటారు. అబద్ధపు పరీక్షలో నెగ్గినా నెగ్గేది అబద్ధమే.

అత్తయ్య బియ్యంలో రాళ్లేరుతూ అంతా విన్నది. "అయిందా నీ ఉపన్యాసం? ముందు నా కుర్చీ నాకుండనియ్యవే. ఆ కుర్చీలో కూచుని నువ్వు చెప్పిందంతా చెబుతాను. కుర్చీ పోయాక వీధిలో నిలబడి చెబితే ఎవడు వింటాడు?"

"పోనీ కొత్త బెల్లు కొనేద్దాం."

"కొంటే? చూసేరా, మాస్టారి బెల్లు మోగనంటే తీసి పారేసింది అనరూ? మోగితే ఇదే మోగాలి. పొద్దుటే మోగాలి."

ఆవిడ చెప్పింది నిజం. ఎదుటివాళ్ల వాదంలో చేతికి చిక్కే ముక్క ఏదో ముందు పట్టుకోవాలని మా మేడమీద గదిలో ఒక మాస్టారు అనేవారు. ఆత్మ చేతికి చిక్కదు. బెల్లు చిక్కుతుంది.

శనివారం తెల్లవారుజామున అత్తయ్యతో పాటు వెళ్లాను. బెల్లు మోగలేదు. దారి పొడుగునా మంచు పట్టి ఉంది, కాబట్టి మంచు తడి బెల్లు లోపలికి దిగి తుప్పుతో దాని పళ్ల చక్రాలు బిగుసుకుంటున్నాయని తేల్చుకున్నాను. తిరిగొచ్చాక మీట పక్కనున్న సందులోంచి వేలు పెట్టి తడిమితే తుప్పు కాదు కదా, తడి కూడా లేదు. జిడ్డు. వేలంతా మెత్తటి నూనె జిడ్డు. నా సిద్ధాంతం అక్కడితో కూలింది.

అప్పుడు అత్తయ్య తలంటుకోవాలని కొబ్బరినూనె సీసా పట్టుకొచ్చి అరుగు చివర ఎండ పడేచోట పెట్టింది. లోపల నూనె పేరుకుని తెల్లగా సున్నపు ముద్దలా ఉంది. చలికాలం కోనసీమలో ప్రతి ఇంటి అరుగు మీదా ఆ సీసా అలాగే ఎండలో కూచుని ఉంటుంది. పుట్టినప్పటినుంచీ చూస్తున్నాం. కరిగిందా లేదా అని పిల్లలం సీసా తిప్పి తిప్పి చూసేవాళ్లం.

నేను నా వేలు చూసుకున్నాను. సీసా చూశాను. మళ్లీ వేలు చూసుకున్నాను.

"అత్తా! నువ్వు బెల్లుకి రోజూ ఏ నూనె వేస్తున్నావు?"

"ఏ నూనేమిటే, పిచ్చిప్రశ్న. నూనంటే కొబ్బరినూనే." అని, ఒక్క క్షణం ఆగి, ఆవిడ కూడా సీసా వంక చూసింది. తర్వాత చీర చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టింది. ఆ నవ్వు ఆగలేదు. స్తంభానికి ఆనుకుని కూలబడి, కళ్లమ్మట నీళ్లు వచ్చేదాకా నవ్వింది. "ఆయన్ని నేనే రోజూ గడ్డకట్టించేస్తున్నానే! మోగట్లేదని ఇంకో రెండు చుక్కలు వేసేదాన్ని కూడానే!"

తలకి కొబ్బరినూనె, దీపానికి కొబ్బరినూనె, దెబ్బకి కొబ్బరినూనె, తలుపు బందులకి కొబ్బరినూనె. మా ఊళ్లలో ఆ నూనె తప్ప లోకంలో నూనె లేదు. చలికి అది గడ్డకడుతుందని తెలియని పసిపిల్ల లేదు. అయినా బెల్లు మూగబోతే ఊరు ఊరంతా శ్మశానం వైపు చూసిందే తప్ప, సొంత అరుగు వైపు ఒక్కరూ చూడలేదు. తెలియకపోవడం మీద నాకు కోపం లేదు. తెలిసిన దాన్ని వాడుకోకపోవడం మీదే నా కోపమంతా. మంగళసూత్రం లేని మనిషి విషయం వచ్చేసరికి ఉన్న తెలివి కూడా ఇంట్లో పెట్టి బయల్దేరతారు!

అంతమాత్రాన గెలిచినట్టు కాదు. వాళ్ల కథ వెళ్లడానికీ రావడానికీ సంబంధించింది. మా కథ చలికీ ఎండకీ సంబంధించింది. రెండూ ఇంతవరకూ కలిసే నడిచాయి. విడదీసి చూడాలి. అత్తయ్య ఎప్పుడూ మధ్యాహ్నం బయటికి వెళ్లే మనిషి కాదు, అందుకే మిట్టమధ్యాహ్నం ఆవిడని సైకిలెక్కించాను. "ఎక్కడికే?" అంటే "ఎక్కడికైనా. ఇంటికి మాత్రం వీపు పెట్టు," అన్నాను. ఆవిడ ఇల్లు విడిచి కాలువ వంతెన దాకా మోగిస్తూనే పోయింది. ఆత్మగారు కిమ్మనలేదు.

ఇప్పుడు బెల్లు విప్పాం. ఇత్తడి పళ్లెంలో కిరసనాయిలు పోసి, గిన్నె మరతిప్పి తీశాను. లోపల ఏ భాగమూ కనబడలేదు. ఏళ్ల తరబడి వేసిన నూనె, దుమ్ము, ప్రతి దసరాకీ పెట్టిన పసుపూ కలిసి వెన్నముద్దలా అయ్యాయి. ఆ ముద్ద కింద రెండు పళ్ల చక్రాలు, ఒక అడ్డకమ్మీ, కమ్మీకి రెండు చివర్లా వదులుగా ఊగే బిళ్లలు. మీట నొక్కితే చక్రాలు కమ్మీని గిరగిరా తిప్పాలి, ఆ విసురుకి బిళ్లలు గిన్నెకి తగలాలి. అంతే బెల్లంటే. చలికి గట్టిపడ్డ జిడ్డులో కూరుకుపోయిన బిళ్ల ఎలా ఎగురుతుంది? పాత బట్టతో, పుల్లతో, చివరికి పళ్లుతోముకునే బ్రష్షుతో రుద్ది రుద్ది తీశాం. గిన్నెని అత్తయ్య చింతపండు పెట్టి తోమింది. ఏళ్ల నలుపు పోయి బంగారంలా బయటపడింది.

అంతలో మీటని వెనక్కి లాగే స్ప్రింగు పుటుక్కుమంది. బిగుసుకున్న మీటని అంతకాలం బలవంతంగా నొక్కడం వల్ల అప్పటికే పలచబడ్డ కొక్కెం నా వేలు తగిలి ఊడింది. స్ప్రింగు లేకపోతే మీట ఒకసారి పోయి మళ్లీ రాదు. అత్తయ్య మొహంలో నవ్వు పోయింది. పొద్దున్నుంచీ మొదటిసారి ఆవిడ నోటివెంట "సోమవారం" అనే మాట వచ్చింది.

స్ప్రింగు పట్టుకుని సైకిలు మీద రాజోలు వెళ్లాను. సైకిలు షాపు ఆయన దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, "ఇలాంటివి ఇప్పుడెక్కడండీ? కొత్త బెల్లు బిగించేస్తాను, తీసుకెళ్లండి. పాతది మీ దేవుడి గదిలో పెట్టుకోండి," అన్నాడు. వద్దన్నాను. కుట్టుమిషను నూనె చిన్న డబ్బా కొన్నాను. రొయ్యల లారీలకి ఐసు అమ్మే చోట ఒక గడ్డ అడిగితే, "రొయ్యలెన్ని బుట్టలండీ?" అన్నారు. "రొయ్యలు కాదు, సైకిలు బెల్లు," అన్నాను. నాకు మతి చెడిందనుకుని కాబోలు, ఊకలో పొర్లించి గోనెలో చుట్టి ఊరికే ఇచ్చారు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య స్టవ్వు వెలిగించి సిద్ధంగా ఉంది. స్ప్రింగు చివర చుట్టొకటి విప్పి, మంటలో ఎర్రగా కాల్చి, పట్టకారుతో వంచి కొత్త కొక్కెం చెయ్యాలి. మొదటిసారి నేను వంచితే తొందరలో పక్కకి పోయింది. "లేమ్మా లే, ఉపన్యాసం కాదిది," అని ఆవిడ నన్ను జరిపి తనే కూచుంది. నేను పట్టకారుతో పట్టుకున్నాను, ఆవిడ ఇంకో పట్టకారుతో వంచింది. రెండోసారి కుదిరింది. ఒక చుట్టు తగ్గినందుకు స్ప్రింగు బిగువెక్కి, మీట మునుపటికంటే చురుగ్గా వెనక్కి తన్నింది.

కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసి మర బిగించాం. స్టీలు డబ్బాలో బెల్లు పెట్టి, పక్కన రెండు చెంచాలు పెట్టాను. ఒకదాంట్లో కొబ్బరినూనె, ఒకదాంట్లో మిషను నూనె. డబ్బా చుట్టూ ఐసు పోసి మూత పెట్టాం. కోనసీమలో ఏ జనవరీ ఎరగనంత చలి అది. కాసేపటికి మూత తీస్తే కొబ్బరినూనె రాయిలా ఉంది, మిషను నూనె నీళ్లలా కదులుతోంది. అత్తయ్య చెయ్యి తుడుచుకుని, చల్లటి బెల్లు తీసి మీట నొక్కింది.

ఆ మోతకి చూరులో పిచ్చుకలు లేచిపోయాయి. పక్కింటి గేదె తల తిప్పి చూసింది. ఆవిడ మళ్లీ నొక్కింది, మళ్లీ మళ్లీ నొక్కింది. ఐసు నీళ్లు మోచేతి మీదుగా కారుతున్నా ఆపలేదు.

ఆదివారం మంచు దట్టంగా పట్టింది. నేను వెనక క్యారేజీ మీద, చెంచాలున్న చిన్న గిన్నె చేత్తో పట్టుకుని కూచున్నాను. బయల్దేరేముందు అత్తయ్య అంది, "గుమ్మాల దగ్గర కొట్టనే ఇవాళ." నాకు అర్థమైంది.

వీధి పొడుగునా ఆవిడ మీట ముట్టుకోలేదు. ఇద్దరు ముగ్గురు ఎదురుపడ్డారు, మొహాలు తిప్పుకున్నారు. పాలకేంద్రం దగ్గర మంచులో ప్రెసిడెంటుగారి మఫ్లరూ, వ్యాపారిగారి కండువా, పాలచెంబులతో ఆడవాళ్లూ మసకగా కనిపించారు. "చూసేరా? ఊరంతా దాటొచ్చేరు, ఒక్క చప్పుడు లేదు," అంటున్న వ్యాపారిగారి గొంతు వినబడింది. అప్పుడు నొక్కింది అత్తయ్య.

మంచులో చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో తెలియదు. నాలుగు వైపులనుంచీ మోగినట్టనిపించి ప్రెసిడెంటుగారు వెనక్కి తిరిగారు. ఆడవాళ్లలో ఒక ముసలావిడ, రోజూ అందరికంటే ముందు పాలు పోసే ఆవిడ, "మోగిందర్రా!" అని కేక పెట్టింది. అత్తయ్య సైకిలు స్టాండు వేసేదాకా మోగిస్తూనే ఉంది.

"మాస్టారు శాంతించేరండి," అన్నారు ప్రెసిడెంటుగారు, ఊపిరి పీల్చుకుని. "ఇంక ఏ పేచీ లేదు."

సరిగ్గా ఇదే జరుగుతుందని శుక్రవారం నాడే నేను అన్నాను. చెంచాలు తీశాను. "మాస్టారు శాంతించలేదండీ. ఇదిగో చూడండి. ఈ చెంచాలో కొబ్బరినూనె. ఇంతకాలం బెల్లులో ఉన్నది ఇదే. పొద్దుట ఇలా రాయి. ఎండెక్కితే నీళ్లు. ఈ చెంచాలో కుట్టుమిషను నూనె. నిన్న సాయంత్రం మార్చేం. పెదనాన్నగారూ, మీ ఇంట్లో తలనూనె సీసా ఇప్పుడెక్కడుందండీ?"

"అరుగు మీద," అన్నారు వ్యాపారిగారు.

"ఎందుకండీ?"

"ఎండకి కరగాలి కదమ్మా..." అని, అక్కడే ఆగిపోయారు.

ముసలావిడ ముందుగా నవ్వింది. "అయితే మా ఇంట్లో సీసాలోనూ మాస్టారే ఉన్నారన్నమాట! పొద్దుట పేరుకుంటారు, మధ్యాహ్నం కరుగుతారు!" దాంతో పాలచెంబులు పట్టుకున్న ఆడవాళ్లందరూ నవ్వారు. ఎవరి చెంబులోనో పాలు ఒలికాయి కూడా. ప్రెసిడెంటుగారు చెంచాలో వేలు పెట్టి చూసుకుని మఫ్లరుకి తుడుచుకున్నారు. ఆయన జన్మలో మొదటిసారి గట్టిగా నవ్వేవాళ్ల పక్షాన తేలారు.

అత్తయ్య వెళ్లి కుర్చీలో కూచుంది. చెప్పినట్టే, కూచున్నాకే మాట్లాడింది. "ప్రెసిడెంటుగారూ, అన్నయ్యగారూ, ఒక్క మాటండి. బెల్లు బాగైంది. కానీ గుమ్మాల ముందు ఇంక కొట్టను. ఎవరైనా దారికి అడ్డమొస్తే కొడతాను. పాలు తెచ్చేవాళ్లకి నేనొచ్చేనని తెలియడానికి ఈ మలుపులో కొడతాను. నన్ను చూసి దాక్కునేవాళ్ల కోసం కొట్టను. అది నా ఉద్యోగంలో లేదు."

"మరి మా బేరం సంగతేం కానండీ?" అన్నారు వ్యాపారిగారు. ఆ గొంతులో దబాయింపు లేదు, నిజమైన భయం ఉంది. అది గమనించాక నా కోపం కాస్త తగ్గింది కానీ వాదన తగ్గలేదు.

"ఈ చలికాలమంతా బెల్లు మోగలేదు కదండీ. రోజూ అత్తయ్య మీకు ఎదురుపడింది కదా. ఏం నష్టపోయేరో చెప్పండి పెదనాన్నగారూ, అందరూ వింటారు."

ఆయన ఆలోచించారు. నిజాయితీగా ఆలోచించారు, అది ఒప్పుకోవాలి. వేళ్లు ముడిచారు, విప్పారు. మెల్లగా ఆయన మొహం మారింది. "ఏం నష్టపోలేదే! కాయకి ధర పెరిగింది ఈ నెల్లోనే కదూ? బరంపురం లారీలు ఇంటికొచ్చి మరీ అడిగేయి." ఒక్కసారి ఆయన కళ్లు మెరిశాయి. "అయితే చెల్లెమ్మగారి ఎదురు చాలా మంచిదన్నమాటండోయ్!"

గెలుపు ఒడిలో పడింది. తీసుకుంటే అయిపోయేది. ఊళ్లో ఆవిడకి మర్యాద, రోజూ చిరునవ్వులు. నేను నోరు తెరిచేలోపలే అత్తయ్య చెయ్యెత్తింది.

"వద్దండి అన్నయ్యగారూ. రేపు ధర పడిపోతే మళ్లీ తలుపులేసుకుంటారు. నేను మంచీ కాదు, చెడూ కాదు. పాలు కొలిచే మనిషిని. పక్కకి జరగండి, పిన్నిగారు ఎంతసేపట్నుంచో చెంబు పట్టుకుని నుంచున్నారు." అని లాక్టోమీటరు ముసలావిడ పాలలో ముంచింది.

ఉద్యోగం నిలబడింది. అది తర్వాత చాలా ఏళ్లు నిలబడింది, రెండువేల సంవత్సరం దాటి, కొవ్వు కొలిచే కరెంటు మిషను వచ్చాక కూడా ఆ కుర్చీ ఆవిడదే. శకునాల మీద నేను అటు తర్వాత ఎన్నో సభల్లో మాట్లాడాను, ఎన్నో వ్యాసాలు రాశాను. చప్పట్లు వచ్చాయి, తిట్లూ వచ్చాయి. ఆ పొద్దుట పాలచెంబుల మధ్య విన్న నవ్వంత గెలుపు మాత్రం మరెక్కడా దొరకలేదు.

సోమవారం నేను అమలాపురం బస్సు అందుకోవాలి. బస్సాగేది కేంద్రం పక్కనే కాబట్టి అత్తయ్యే అక్కడిదాకా దింపుతానంది. వీధి మలుపు తిరిగేసరికి వ్యాపారిగారు రోడ్డుకి నట్టనడుమ నిలబడి ఉన్నారు. ఉతికిన పంచె, నుదుట బొట్టు, మొహం నిండా ఆశ. వెనక కాయలతో బండి సిద్ధంగా ఉంది. ఎంత చెప్పినా మనిషి తనకి కావలసిందే విన్నాడు. అత్తయ్య ఎదురు మంచి శకునమని కాచుకుని ఉన్నారు.

అత్తయ్య బెల్లు కొట్టింది. ఆయన చిరునవ్వుతో అలాగే నిలబడ్డారు. ఆవిడ వేగం తగ్గించకుండా మళ్లీ కొట్టింది, ఈసారి వేలు తియ్యకుండా.

"అన్నయ్యగారూ, దారి! వ్యానొచ్చేస్తోంది!"

ఆయన పంచె ఎత్తిపట్టుకుని గట్టు మీదికి గెంతారు. మేం దాటిపోయాం.